నోరు మూసుకొని లెక్క చేయుట గురించి

తాండూరు,
జూన్ 1962

గుమాస్తాల ఎంపిక పరీక్షల అధికారి గారి సముఖమునకు, తాండూరు నాపరాళ్ల డిపోలో కూలీగా ఉన్న మల్కప్ప, తండ్రి పేరు నర్సప్ప, రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: వికారాబాదు కేంద్రంలో లెక్కల పేపరు నాడు నోరు తెరిచినందుకు నన్ను మూడు సంవత్సరములు పరీక్షలకు డిబారు చేసిన ఉత్తరువును రద్దు పరచుట గురించి.

పై విషయమై తమకు మనవి చేయునది ఏమనగా:

1. సదరు ఉత్తరువులో "ఈ అభ్యర్థి గట్టిగా ప్రశ్న వేయగా, తక్కిన ఐదుగురు ముందుగా చేసుకొన్న ఏర్పాటు ప్రకారం జవాబులు అందించిరి. ఇది కుట్ర" అని ఉన్నది. నవ్వాలో ఏడవాలో తెలియక ముందు నవ్వాను. కుట్ర చేసేవారు గుసగుసలాడుదురు. ఆరుగురు కలిసి గొంతెత్తి, రాగం తీసి, వీధిలో పోయేవారికి కూడా వినబడేటట్లు చేసే కుట్రను కనిపెట్టగల తెలివి తమ శాఖకు తప్ప లోకంలో ఇంకెవరికీ లేదు. పైగా ఆ కుట్ర దేనికి? పదిహేడు ఏడులు ఎంతో తెలుసుకొనుటకు. అది తెలియనివాడు పరీక్షకు కాదు, సంతకు పోవుటకు కూడా పనికిరాడు.

2. మేము ఆరుగురమూ ధారూరులో శాంతవ్వ బడి పిల్లలము. శాంతవ్వ మా ఊరి చర్చి పాస్టరు గారి భార్య. చిన్ననాడు అమ్మవారు పోసి ఆమెకు చూపు మందగించింది. పలకలు చూడలేదు, మొహాలు పోల్చుకోలేదు, చెయ్యి ఎత్తితే ఎవరి చెయ్యో తెలియదు. అందుచేత ఆమె బడిలో చదువంతా నోటితోనే. ఆమె కందులు చెరుగుతూ కూర్చుని ఒక ఎక్కం అడిగేది. పలికినవాడు హాజరు, పలకనివాడు గైరుహాజరు. "పలికినోడే ఉన్నోడు. మూసుకున్నోడు ఇంట్ల పండుకున్నట్టే" అనేది. అడిగిన ఎక్కానికి ఒక్క గొంతు కూడా లేవకపోతే చింతబరిక అందరి వీపులనూ సమానంగా చూసేది. ఒకడు మొదలుపెట్టిన ఎక్కం పదులు దాకా పోక తప్పదు. పదులు కాగానే అందరం "హాజర్ అవ్వా!" అని అరవాలి.

ఆమెను హేళన చేయుటకు ఇది రాయలేదు. మా చిన్ననాటి నుంచి మా తాండూరుకు జిల్లా మారింది, చేతిలోని రూపాయి మారింది, శేరు పోయి కిలో వచ్చింది, దొరలు పోయి తమరు వచ్చారు. శాంతవ్వ చెప్పిన ఎక్కం ఒక్కటి మారలేదు. నాకు అన్నం పెట్టగలిగిన చదువు అదొక్కటే. ఇప్పుడు నా నోట్లో మన్ను కొట్టినదీ అదే.

3. నోరు కదపకుండా లెక్క చేయుట నాకు చేతకాదని నాకు తెలియక కాదు. అందుకనే వికారాబాదు స్టేషను ఎదుట మేడ మీద నడిచే లెక్కల క్లాసులో చేరితిని. దానిని నడిపేవారు వెంకటయ్య మాస్టరు గారు. సర్కారు నౌకరి పరీక్షలో ఎలా నెగ్గాలో చెప్పుట వారి వృత్తి. తాను ఒక్కసారి కూడా నెగ్గలేదు కనుక ఓడే మార్గాలన్నీ వారికి క్షుణ్ణంగా తెలుసును. "నలభై దినాలలో లెక్కల పులి" అని వారు అచ్చు వేయించిన పుస్తకం ఒకటి ఉన్నది. నలభై దినాలు చదివితిని. పులిని కాలేదు గాని పిల్లిలా నోరు మూసుకొనుట మాత్రం కొంత పట్టుబడినది.

వారి ఉపాయం ఇది. నోటి నిండా నీళ్లు పట్టుకొని లెక్క చేయవలెను. నాలుక కదిలితే నీళ్లు కారును, కారితే మళ్లీ మొదటి నుంచి. మొదట్లో అంగీ తడవని దినం లేదు. తాండూరు నుంచి వికారాబాదుకు ప్యాసింజరు బండిలో అలాగే నీళ్లు పట్టుకొని కూర్చుని అభ్యాసం చేసేవాడిని. ఎదురుగా కూర్చున్న సేడం వైపు ముసలమ్మ నాది మౌనవ్రతం అనుకొని దండం పెట్టి కొబ్బరిముక్క చేతిలో పెట్టింది. టికెటు అడిగిన బాబు మాత్రం దండం పెట్టలేదు.

ఇంట్లో నా భార్య భాగమ్మ సణిగేది. "నోరు తెరుస్తె ఎక్కాలు, మూస్తె నీళ్లు. నాతోని మాట్లాడేది ఎన్నడు? నీ పుణ్యాన బిడ్డ నిద్రల పదమూడైదులు అరవైఅయిదు అంటున్నది. జర ఇంట్లనన్న మనిషి లెక్క ఉండు" అనేది. ఉద్యోగం రాగానే మనిషిలా ఉంటానని చెప్పాను. ఆ మాట ఇప్పటికీ బాకీ ఉన్నది.

4. ఇక పరీక్ష దినం. నేను కుండలోని చల్లని నీళ్లు నోటి నిండా పట్టుకొనే హాలులో అడుగు పెట్టితిని. ముందు బల్ల నాది. వేదిక మీద పర్యవేక్షకులు అనంతయ్య గారు ఉన్నారు. పేపరు ఇచ్చిరి. మొదటి మూడు లెక్కలు నీళ్లలోనే చేసితిని, అవి ఒప్పని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. ఇంతలో అనంతయ్య గారు హాజరుపట్టీ పట్టుకొని వచ్చి "నీ నెంబరు చెప్పు" అనిరి. హాలుటికెటు చూపించితిని. చూడలేదు. వేళ్లతో చూపించితిని. "సర్కారు అడుగుతున్నది. నోటితో చెప్పు. మూగవాడివైతే ఆ సంగతి దరఖాస్తులో ఎందుకు రాయలేదు?" అని కసిరిరి. నీళ్లు మింగి నెంబరు చెప్పాను.

అయ్యా, ఇది గమనింపదగిన అంశం. నా నోరు తెరిపించినది నేను కాదు. తమ శాఖ.

ఆ తరువాతి ప్రశ్న నాలుగవది. పదిహేడు మంది కూలీలు ఒక గోడను ఏడు దినములలో కట్టుదురు, అదే గోడను పద్నాలుగు మంది ఎన్ని దినములలో కట్టుదురు? నోట్లో నీళ్లు లేవు. నాలుక తన పాత పని తాను చేసుకున్నది.

"పదిహేడు ఏడులు?" అన్నాను. గట్టిగా అనలేదు. అడుక్కునేవాడు అన్నట్టు అన్నాను.

హాలు ముందు వైపు నుంచి ఒక గొంతు "నూట పంతొమ్మిది" అన్నది. ఆ వెంటనే వెనుక బల్ల నుంచి మా బడివాడే బీరన్న "పదిహేడు ఎనిమిదులు నూట ముప్పై ఆరు" అందుకున్నాడు. ఆపుదామని తిరిగాను. అప్పటికే కిటికీ పక్కనున్న మా బడివాళ్లు కళ్లు మూసుకొని "పదిహేడు తొమ్మిదులు నూట యాభై మూడు" అంటున్నారు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. చేతి కిందనే "పదిహేడు పదులు నూట డెబ్బై" అని నా నోరు కూడా పలికింది. ఆ పైన ఆరుగురం కలిసి "హాజర్ అవ్వా!" అని అరిచాము. పక్కనున్న హైదరాబాదు అభ్యర్థి కలం కింద పడేసుకున్నాడు.

అనంతయ్య గారు మొహం ఎర్రబడి "కాపీ! కుట్ర!" అని కేకలు వేసి మా ఆరుగురి పేపర్లు లాక్కొనిరి. బీరన్న ఆయన కాళ్లు పట్టుకొని "సార్, మేం కాపీ గొట్టలే సార్. ఎక్కం సగంల ఇడిస్తె దెబ్బలు పడ్తయి సార్" అన్నాడు. ఇరవై ఏళ్లు దాటిన మనిషి అట్లా అనగా విని హాలంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. సిగ్గు వేసింది.

5. ప్రశ్నల గురించి కూడా కొంచెం. పదిహేడు మంది కూలీలట, ఏడు దినాలట. ఆ పదిహేడు మందిలో ఒకడు మేస్త్రీ బామ్మర్ది, వాడు గోడ ముట్టడు. ఇద్దరు బీడీలకు పోతే మధ్యాహ్నం దాకా రారు. ఇంకొక ప్రశ్నలో ఒక పడవ ప్రవాహానికి ఎదురు పోతుంది. మా కాగ్నా వాగులో నేను పుట్టింది మొదలు పడవను చూడలేదు, ఎండకాలం ఎడ్లబండి పోతుంది. మరొక ప్రశ్నలో ఒక బుద్ధిహీనుడు తొట్టి అడుగున తూము తెరిచి పెట్టి పై నుంచి నీళ్లు నింపుతున్నాడు. ఆ తొట్టి ఎప్పుడు నిండునని మమ్మల్ని అడుగుతారు. తూము మూయమని వాడికి చెప్పేవాడు మీ శాఖలో ఒక్కడూ లేడా? అయినను ఈ ప్రశ్నలన్నిటికీ నేను జవాబులు నేర్చుకున్నాను. పిచ్చివాడి ఇంట్లో నౌకరికి పోయేవాడు పిచ్చివాడి అలవాట్లు నేర్చుకోక తప్పదు కదా.

6. వచ్చే ఏటికి నాకు ఇరవై ఐదు నిండును. తమ శాఖ వయోపరిమితి అదే. మూడేళ్ల డిబారు అంటే నాకు బతికినంత కాలపు డిబారు. ఇది లెక్క కనుక తమకు నోరు తెరవకుండానే అర్థం కాగలదు.

7. డిపోలో నాపరాళ్లు లారీలకు ఎత్తుట నా పని. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి అక్కడి మేస్త్రీ నన్ను పేరుతో పిలుచుట మానివేసెను. "ఏం గుమాస్తా సాబ్, గీ బండ ఇద్దరు లేపితె ఎంత సేపు, ఒక్కనివే లేపితె ఎంత సేపు? జెప్పు, గట్టిగ జెప్పు" అంటాడు. అందరూ నవ్వుతారు. నిన్న నేను జవాబు చెప్పకుండా ఒక్కడినే లేపాను. వేలి గోరు ఊడింది. ఈ అర్జీలో అక్షరాలు వంకరగా ఉండుటకు కారణం అదే, చదువు లేక కాదు.

అయ్యా, ఇంత దూరం వెటకారంగా రాసుకొచ్చాను. రాయకపోతే ఏడుపు వచ్చేటట్టు ఉంది కనుక రాశాను. నాకు ఆ ఉద్యోగం కావాలి. కుర్చీ లేకపోయినా ఫరవాలేదు, నిలబడి రాస్తాను. మీ ఫైళ్లన్నీ తప్పు లేకుండా కూడుతాను. నా బిడ్డ నిద్రలో ఎక్కాలు చెబుతుంటే మురిసిపోవాలో, దాని నోరు మూయాలో తెలియక రాత్రిళ్లు చూస్తూ కూర్చుంటున్నాను.

8. కావున నన్ను, తక్కిన ఐదుగురిని మళ్లీ పరీక్షకు కూర్చోనిచ్చి, హాలులో కాకున్నా పశువుల కొట్టంలోనైనా సరే, పైకి లెక్క చేసుకొనుటకు అనుమతి దయచేయ ప్రార్థన. కొట్టంలోని పశువులు కాపీ కొట్టవని హామీ ఇవ్వగలను.

ఇంతమాత్రం చిత్తగించి, తీర్పు నోటితో చెప్పినా, కాగితం మీద రాసినా, త్వరగా చెప్పవలెను.

నోరు మినహా తక్కిన అన్ని విధములా
తమ విధేయుడు,
మల్కప్ప

తా.క. ముందు వైపు నుంచి ఒక గొంతు వచ్చినదని నాలుగో అంశంలో రాశాను. ఎవరిదో రాయలేదు. ముందు బల్ల నాది. నా ముందు వేదిక తప్ప మరేమీ లేదు. వేదిక మీద అనంతయ్య గారు తప్ప మరెవరూ లేరు.

సాక్ష్యం అడుగుదామని పోయిన ఆదివారం ధారూరు పోయి శాంతవ్వను కలిశాను. ఆమెకు ఇప్పుడు చూపు బొత్తిగా లేదు. జరిగినదంతా విని నన్ను ఓదార్చలేదు. "మొదలు ఎవరు పలికిండ్రు?" అని అడిగింది. చెప్పాను. "అనంతయ్యనా? గాడు నా బడిల సదివినోడే. నీకన్న పదేండ్లు పెద్దోడు. నోరు పెద్దది, గుండె పిరికిది. పలికి, ఎనుకకు దాక్కునేటోడు" అని, మళ్లీ కందులు చెరగసాగింది.

ఈ సంగతి రాయవద్దని భాగమ్మ బతిమాలింది. "ఆయనకు గూడ పెండ్లాం పిల్లలున్నరు. ఇడ్సిపెట్టు" అన్నది. అందుకే పైన రాయలేదు. కాని ఉత్తరువులో కుట్ర అన్న మాట కింద సంతకం ఆయనదే. గురివింద గింజ తన కింది నలుపు ఎరగదంటారు. ఈయన ఎరుగును, ఎరిగీ మా ఆరుగురికి పూసెను. ఆయన నౌకరి పోవాలని నా కోరిక కాదు. పలికినవారందరినీ ఒకే తీరుగా చూడాలని నా కోరిక.

నా మాట నమ్మనక్కరలేదు. తమ ఆఫీసులో టపా విప్పేది ఆయనే. ఈ అర్జీని టపాలో వేస్తే ముందు ఆయన చేతికే పోవును కనుక, తాండూరు క్యాంపులో తమ చేతికే ఇస్తున్నాను. అనంతయ్య గారిని పిలిపించి ఎదుట నిలబెట్టండి. ముందుగా ఏమీ చెప్పవద్దు. ఏదో కాగితం చూస్తున్నట్టు, మామూలు గొంతుతో, ఈ కింది రెండు మాటలు పైకి చదివి, కాసేపు ఆగి ఆయన మొహం చూడండి. ఆయన నోరు మెదపకుండా ఉండగలిగితే నన్ను మూడేళ్లు కాదు, బతికినన్నాళ్లూ డిబారు చేయండి. మళ్లీ అర్జీ పెట్టను, బండలు మోసుకుంటాను.

పదిహేడు ఏడులు?