తుడిచేసిన పేరు

శైలజా,

నువ్వు వెళ్ళిపోయి రెండు వేసవులయ్యాయి. ఎలా ఉన్నావని అలవాటుకొద్దీ రాయబోయి ఆగాను...

నాచారంలో మేం ఉన్నాం. మురళి మల్లాపూర్ ఫ్యాక్టరీకి వెళ్తున్నాడు, వస్తున్నాడు. నీ పేరు మాత్రం ఎత్తడు. పాప ఎత్తితే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగుతాడు. ఇంత దాహం మా వంశంలో ఎవరికీ లేదు.

పాత ఫాంట్లలో ఉన్న తెలుగును ఇప్పటి కంప్యూటర్లు చదివేలా మార్చే ప్రోగ్రాం రాశావే, ఆదివారాలు పొయ్యి నాకొదిలేసి... దాన్ని నెట్‌లో అందరికీ ఊరికే ఇచ్చేశావని తెలిసి నిన్ను ఎంత సాధించాను! నువ్వేమన్నావు? "చలివేంద్రం అసొంటిదే అత్తమ్మా. ఎవరన్న తాగనీ. కుండ మీది పేరు జెరపకుంటే సాలు."

చెరిపారమ్మా.

ఉప్పల్‌లో ఒక కంపెనీ నీ ప్రోగ్రాంని తమ సాఫ్ట్‌వేర్‌లో కలుపుకుంది. ఫైళ్ళు 'శుభ్రం' చేస్తూ ప్రతి ఫైలు పైనా ఉన్న నీ పేరూ, నీ షరతూ తుడిచేశారు. తీరా కొనేవాళ్ళు, ఇందులో బయటినుంచి తెచ్చుకున్నవేవి, వాటి షరతులేవి, చూపించమన్నారట. అప్పుడు మొదలైంది వెతుకులాట. అంతవరకు ఆ పని అక్కడ ఎవరిదీ కాదు. తెచ్చుకునేవాళ్ళే గానీ, ఎక్కడిదని అడిగేవాళ్ళు లేరు.

నీదని తేలాక పేరు తిరిగి పెడితే తీరిపోయేదానికి, ఆ కంపెనీ మేనేజరు స్వీటు డబ్బాతో మనింటికొచ్చాడు. డబ్బు తీసుకుని హక్కులన్నీ కంపెనీకి రాసిచ్చేస్తే ఇక ఎవరి పేరూ పెట్టనక్కర్లేదన్నాడు. నువ్వు లేవు కనుక మురళి సంతకం చాలట.

మురళి కలం తీశాడు. డబ్బుకోసం కాదు... నాకు తెలుసు. నీ పేరు ఎదురుపడే చోటు ఒకటి తగ్గుతుందని. వాడినేమని తిట్టను?

కాగితం నావైపు లాక్కున్నాను. వాడుకోవద్దని మా కోడలు అనలేదు, మేమూ అనం, తీసిన పేరు తీసినచోట పెట్టండి అన్నాను. కొనేవాళ్ళు చూస్తే బాగుండదని ఆయన నసిగాడు. పరీక్ష హాళ్ళలో కాపీలు పట్టుకుంటూ ముసలిదాన్నయ్యాను, ఏది బాగుండదో నాకు చెప్పొద్దన్నాను. మురళి కలానికి మూత పెట్టాడు.

చివరికి పెట్టారు. ఏ సాఫ్ట్‌వేర్ బయటికి వెళ్ళాలన్నా ముందు షరతులు చదవడానికి ఒక అమ్మాయిని నియమించుకున్నారు కూడా. మొన్న ఉప్పల్ వెళ్ళి చూశాం. ఇలా తెచ్చుకున్నవి రాసినవాళ్ళ పేర్లున్న పేజీని ఎవరూ తెరవరండీ అని ఆ అమ్మాయే మొహమాటంగా చెప్పింది.

మురళి తెరిచాడు. నీ పేరు పైకి చదివాడు, ఇంటిపేరుతో సహా. ఇన్నాళ్ళకి... ఆ గొంతు ఎలా ఉందో నేను రాయలేను. నీకు వినపడిందా?

నేనుండగా ఆ సంతకం పడదు. నా తర్వాత పడకుండా పాపకి చెప్పే వస్తాను.

నీ అత్తమ్మ