గంగ ఒడ్డున భోంపు

కలకత్తా, బుధవారం

బావా,

పదకొండు మందిమీ క్షేమంగా చేరాం. నువ్వు ఫోను ఎత్తడం లేదు కనుక కార్డు రాస్తున్నాను. నీకు చెప్పకుండా మన గోల్‌మురి బస్తీ ఆడవాళ్లతో ఊరు చూడ్డానికి వచ్చేశానని ఇంకా కోపమేనా?

నిన్న గంగ ఒడ్డున కూర్చుని జంతికలు తింటుంటే లాంచీ కూత పెట్టింది. అచ్చం మన కంపెనీ షిఫ్టు భోంపే! అందరం ఒక్కసారిగా లేచి నిలబడ్డాం. పక్కింటి నూకమ్మక్కయితే "ఓలమ్మ, షిఫ్టుకి టైమైపోనాది, ఆయనకి డబ్బా కట్టనేదే!" అంటూ సంచీ వెతికింది. ఆయన పోయి రెండేళ్లయింది. అక్కే ముందు నవ్వింది, తరవాత అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఫోను ఎత్తనందుకు నీ మీద నాకున్న కోపం అక్కడే పోయింది.

బీపీ మాత్ర వేసుకుంటున్నావా? డాబా మీద ఎండబెట్టిన ఉప్పుచేపలు తీశావా, పిల్లికి వదిలేశావా? కోడలు పద్మశ్రీకి నా దీవెనలు.

ఆదివారం వచ్చేస్తాను. సోమవారం భోంపుకి నీ డబ్బా నేనే కడతాను. ఈ కార్డు నాకంటే వెనక చేరితే, నా ఎదురుగా కూర్చుని పైకి చదువు.

నీ దాలమ్మ