సామిల్లు కాడ మీటింగు

మామా,

గోదారి ఒడ్డున మన సామిల్లు ఇయ్యాలటితోని మూతపడ్డది. నువ్వు అడవి నుంచి దుంగలు తెప్పలు కట్టి తెచ్చిచ్చిన మిల్లే. ఆ జాగల లాడ్జి కడతరంట.

షామియానా ఏసి మీటింగు పెట్టిండ్రు. మిల్లు షావుకారు కొడుకు శాలువా కప్పించుకొని మైకుల అన్నడు, "మా నాయిన ఇన్నేండ్లు గోదారి మీద తెప్పలు నడిపిచ్చిండు. ఒక్క పాణం పోలే." అందరు చప్పట్లు కొట్టిండ్రు. నీ తెప్ప పగిలిన్నాడు ఈదుకుంట ఒడ్డెక్కిన సోమయ్యన్న సుత కొట్టిండు. నేను ఆయన దిక్కు చూస్తే తల దించుకొని, "ఊకో చెల్లె, లాడ్జిల వాచ్‌మెన్ పనిస్తమన్నరు" అన్నడు.

తెప్ప ఇడిచినకాడికెళ్లి మనిషి గడప తొక్కేదాక మన ఆడోళ్లం ఇల్లు ఊడ్వం గదా. నీ శవం సుత దొరకలే. వారం చూసి మీ అమ్మనే నా చేతిల చీపురు పెట్టి, "ఇగ ఊడ్వు బిడ్డా" అని ఏడ్చింది. ఊడ్చిన.

ఇప్పుడేమో ఒక్క పాణం పోలేదంట. గట్లయితే నువ్వింకా గోదారి మీదనే వస్తున్నట్టు. మీటింగు నుంచి వచ్చి చీపురు తీస్కపోయి చూర్ల చెక్కిన. నువ్వొచ్చేదాక ముట్ట.