హద్దురాయికి అవతల

ముసునూరు దగ్గర మన తోట,
ఫాల్గుణమాసం, పొద్దున్నే

సింధూరకి,

పెళ్ళైన కొత్తలో "చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి" అని మొదలుపెట్టి ఉత్తరం రాస్తే "మీరేమన్నా మా తాతయ్యా?" అని వారం రోజులు నవ్వావు. అందుకని ఆ ముక్క వదిలేసి మిగతాది రాస్తున్నాను. ఇక్కడ అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. కువైట్‌లో నువ్వూ, నీ గదిలో వాళ్ళూ కులాసా అని తలుస్తాను. నైట్ డ్యూటీలు తగ్గించారా? ఫోన్లో చూస్తే కళ్ళ కింద నల్లగా కనపడింది. నర్సమ్మవి, నీకు నేను చెప్పేదేముందిలే.

సెలవు మీద వచ్చిన గ్లోరీ చేత పంపిన ఉత్తరం, ఖర్జూరాలు అందాయి. నూజివీడు బస్టాండులో దిగీ దిగగానే ఫోన్ చేసింది. "అన్నయ్యగారూ, మా సింధూ ఉత్తరం సగం బ్యాగు ఆక్రమించిందండీ, వచ్చి పట్టుకెళ్ళండి" అంది. ఫోన్లో నలుగురి మధ్యా మనసారా మాట్లాడలేకపోతున్నాను, మీరూ ఉత్తరమే రాయండి అన్నావు. నాకూ అదే నయమనిపించింది. మొహం చూస్తూ చెప్పలేనివి కొన్ని ఉంటాయి.

అమ్మ మోకాలి సంగతి అడిగావు. డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు. అమ్మ వింటే కదా! రాలిన పిందెలన్నీ ఏరుకొచ్చి రోజూ పప్పులో వేస్తోంది. రోజూ మామిడికాయ పప్పేనా అంటే, "నీ పెళ్ళాం వచ్చాక నీక్కావలసింది చేయించుకో" అంటుంది. తోట సంగతంటావా, పూత విరగబూసింది. తేనెమంచు పురుగు పడితే మందు కొట్టించాను. కాపుకి ఢోకా లేదు. ఇంటి గోడలు కిటికీల ఎత్తుకు లేచాయి. మేస్త్రీ పాల్ రాజు మంచివాడే గానీ, వచ్చిన దగ్గర్నుంచీ వెళ్ళేదాకా మాట్లాడుతూనే ఉంటాడు.

మైత్రి చెట్టు పూసిందా అని మూడు చోట్ల అడిగావు. చెబుతాను. అంతకంటే ముందు సర్వేయర్ సంగతి రాయాలి.

మన మైత్రి పోయిన ఏడాది మనిద్దరం ఈ తోటలో కూర్చుని అనుకున్న మాటలు నాకన్నీ గుర్తున్నాయి. పసిపిల్లని దహనం చెయ్యకూడదని పెద్దవాళ్ళంటే, మన తోటలోనే తూర్పు గట్టు పక్కన మట్టిలో పడుకోబెట్టాం. రసం మోచేతుల దాకా కారుతుంటే నాకుతూ తిరిగే పిల్ల కదా అని, పైన చిన్నరసం అంటు నాటాం. ఊళ్ళో ఇల్లొద్దు, ఇక్కడే కట్టుకుందాం, పడుకునే గదికి తూర్పున కిటికీ పెట్టిద్దాం, పొద్దున్నే కిటికీ తీస్తే నా పిల్ల చెట్టు కనపడాలి అన్నావు. నువ్వు కువైట్ వెళ్ళింది ఇంటి కోసమని ఊళ్ళో అందరూ అనుకుంటారు. ఆ ఒక్క కిటికీ కోసమని నాకు తెలుసు.

ప్లాను అప్రూవల్‌కి సర్వే పటం కావాలన్నారు. నువ్వేమో, "టేపు పట్టుకుని తిరిగేవాళ్ళు వద్దండి, లైసెన్సున్న సర్వేయర్నే పిలవండి, రేపెవడూ వచ్చి ఆ మూల మాదనకూడదు" అని రాశావు. సరేనని బయల్దేరాను. జి. కొండూరు నుంచి ఒకాయన వచ్చాడు. టేపు విప్పి, "మీ హద్దు ఎక్కడో చూపించండి, కొలిచేస్తాను" అన్నాడు. హద్దు నాకు తెలిస్తే నిన్నెందుకయ్యా పిలిచేది అన్నాను. కోపమొచ్చి టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత విజయవాడ నుంచి కారులో ఇంకొకాయన. కారు దిగలేదు. అద్దం దించి, ఫోన్లో మన తోట పైనుంచి ఎలా కనపడుతుందో చూపించి, "ఇదేనండీ మీది, బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. చెట్ల నీడలో కారు చల్లబడిందని కాసేపు పడుకుని మరీ వెళ్ళాడు. ఫోన్లో ఇది చెప్పినప్పుడు నువ్వు పడీపడీ నవ్వావు. చాలా రోజులకి ఆ నవ్వు విన్నానని ఆ పూటంతా హుషారుగా తిరిగాను.

చివరికి చింతలపూడిలో మార్టిన్ గారని ఒకాయన దొరికారు. లైసెన్సు ముందే చూపించారు. దస్తావేజులు, పాత సర్వే పటం తెప్పించుకుని చదివారు. పక్క తోట వాళ్ళకి నోటీసు ఇప్పించి, "వాళ్ళు లేకుండా రాయి పాతనండీ. రేఖ ఎటు పడితే అటే. తర్వాత నా మీద కోపం పెట్టుకోకూడదు" అన్నారు. మనకి కావలసింది ఇలాంటి మనిషే అని సంబరపడ్డాను. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

సర్వే కార్తీకంలో జరిగింది. తూర్పు పక్క తోట రాఘవయ్య బాబాయి వచ్చాడు. ఆయన తన తోటని మామిడి గుజ్జు కంపెనీకి అమ్మి అప్పటికే రిజిస్ట్రేషన్ చేసేశాడు కదా, ఆ కంపెనీ మేనేజరు కూడా వచ్చాడు. మార్టిన్ గారు కర్ర మీద నిలబెట్టిన యంత్రంతో తోటంతా తిరిగి, మైత్రి చెట్టుకి ఇవతల ఒకచోట ఆగారు. మనవైపు, సింధూ. "ఇక్కడ తవ్వించండి" అన్నారు. గట్టు అక్కడుంటే ఇక్కడేం రాయండీ అని నవ్వాను. గునపం దిగగానే ఠంగుమంది. మట్టి తుడిస్తే రాయి మీద ఇంటూ గుర్తు, పాత సర్వే నాటి హద్దురాయి.

ఎవరూ మోసం చెయ్యలేదు. మా నాన్న బతికున్నప్పుడు పెద్ద గాలివాన వచ్చి గట్టు తెగిపోయిందట. హద్దు మీదుండే పెద్దరసం చెట్టు కూలిందట. నీళ్ళు తీశాక నాన్నా బాబాయీ కలిసి బురదలో మోడు వెతికి, దాని మీదుగా మళ్ళీ గట్టు వేసుకున్నారు. మోడు చూసి రకం చెప్పేస్తాడని నాన్నకి ఈ చుట్టుపక్కల పేరు. ఆయన ఇదే హద్దు చెట్టంటే ఇంకెవరు కాదంటారు? అది హద్దు చెట్టు మోడు కాదు. బాబాయి తోటలో మొదటి వరుసది. గొలుసు పట్టి కొలిచే మనిషిని పిలవాలని ఇద్దరికీ తోచలేదు, చెట్టుని నమ్మారు. ఆ గట్టుని నమ్మి మనం పిల్లని అక్కడ పెట్టాం.

రాఘవయ్య బాబాయి నా చెయ్యి పట్టుకుని, "మట్టి కప్పెయ్యరా అబ్బాయ్, నేనేం చూళ్ళేదు" అన్నాడు. అప్పటికే మేనేజరు ఫోన్లో రాయిని ఫోటో తీసుకున్నాడు. మార్టిన్ గారు చెట్టుకి కట్టిన మైత్రి చిన్న గాజుల్ని చూశారు. చెప్పులు విప్పి అవతల పెట్టొచ్చి, అప్పుడు పటం మీద నా సంతకం అడిగారు. పెట్టాను.

సర్వే బాగానే జరిగిందని నీకు చెప్పాను. చెట్టు చూపించమన్నప్పుడల్లా తోటలో సిగ్నల్ రావడం లేదన్నాను. రెండూ అబద్ధాలే. తోటలో సిగ్నల్ ఇంట్లో కంటే బాగా వస్తుంది.

చెట్టు లేదు సింధూ.

ఊరికే చేతులు కట్టుకుని కూర్చోలేదు. కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగాను. ఆ కాస్త ముక్క నాకు అమ్మండి, లేదా బదులుగా వేరే మూల తీసుకోండి అని బతిమాలాను. బాబాయి కూడా వచ్చి నా తరఫున గొంతు చించుకున్నాడు. లారీలు తిరిగేది ఆ మూలేనట, ప్లాను పాసైపోయిందట, ఇప్పుడు మార్చడం కుదరదట. మేనేజరు చెడ్డవాడు కాదు. కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చి మరీ కుదరదన్నాడు. "కావాలంటే తీసి మీవైపు పెట్టుకోండి సార్, మావాళ్ళనీ సాయం పంపిస్తాను" అన్నాడు.

ఇక్కడే నువ్వు నన్ను క్షమించాలో వద్దో నాకు తెలియదు. తియ్యలేదు. పార పట్టుకుని వెళ్ళాను. మొదటి పెళ్ళ పెకలించాను. వెనకే అమ్మ కుంటుకుంటూ వచ్చి, "ఒరే కిరణ్, పడుకున్న పిల్లని లేపకురా" అంది. పార పక్కన పడేసి అక్కడే కూలబడ్డాను. నిన్ను అడగకుండా ఇంత పెద్ద నిర్ణయం తీసుకున్నాను. అడిగితే ఏం చెప్తావో అని భయపడ్డాను. తీయండి అంటే నేను చెయ్యలేను. వద్దు అంటే ఆ భారం నీ మీద పడుతుంది.

ఆ తర్వాత చెట్టు పూసింది. మొదటి పూత. చిటారు కొమ్మకి నాలుగు పూగుత్తులు, ఎర్రటి కాడలు. మొదటి కాయ నేనొచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదు అని రాశావే, అది చదివిన రోజు అన్నం తినలేకపోయాను. దాని కొమ్మల్లోంచి పుల్లలు కోసుకొచ్చి మనవైపు మొక్కలకి అంటు కట్టాను. పూతలో ఉన్న పుల్ల పట్టదని ఈ ప్రాంతంలో పిల్లవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ కట్టాను. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేవాణ్ణి. అన్నీ ఎండిపోయాయి.

మాఘంలో కంపెనీ వాళ్ళ మిషన్ వచ్చింది. అక్కడ తవ్వకండి అని డ్రైవర్ని అడిగితే, "ఇక్కడ తవ్వకం లేదండీ, మెరక పోయడమే" అన్నాడు. ఆ మాటకి కాస్త ప్రాణం లేచొచ్చింది. గాజులు నేను విప్పుకొచ్చాను, అమ్మ తన పెట్టెలో దాచింది. చెట్టు కొట్టేటప్పుడు నేను వెళ్ళిపోలేదు. నువ్వు లేవు కదా, పిల్ల దగ్గర ఒకళ్ళమైనా ఉండాలనిపించింది. దాని మీద మట్టి పోశారు. ఇప్పుడక్కడ చదును నేల, దానికి ఇవతల మన రాయిని ఆనుకుని ఎత్తుగా ప్రహరీ.

లైసెన్సున్న మనిషిని పిలవమని రాసిందాన్ని నేనే కదా అని నువ్వు తల బాదుకుంటావు. అలా అనుకోకు. పిల్ల జాగా పదిలంగా ఉండాలనే రాశావు. టేపు వాళ్ళలో ఎవడో ఒకడి చేత కొలిపించి ఊరుకుని ఉంటే ఎలా ఉండేదో అని నేనూ రోజూ అనుకుంటాను. తప్పు నీది కాదు, మార్టిన్ గారిది కాదు, మా నాన్నది కూడా కాదు. ఎవరిదో ఒకరిదైతే వాళ్ళ మీద అరిచి కొంచెం తేలికపడేవాణ్ణి.

నిన్న పాల్ రాజు తాపీ పక్కన పెట్టి అడిగాడు. "తూర్పున కిటికీ తీస్తే ఎదురుగా వాళ్ళ గోడే కదండీ. దక్షిణానికి మార్చేద్దామా? గాలైనా వస్తుంది" అన్నాడు. అక్కడ్నుంచి వచ్చేశాను. సాయంత్రం మళ్ళీ వెళ్ళి, ప్లానులో ఎక్కడుందో అక్కడే పెట్టమన్నాను. అంత మాటకారి, మారు మాట్లాడకుండా రెక్కలు మూసిన కిటికీ చౌకట్టు నిలబెట్టాడు.

వేసవిలో సెలవు దొరుకుతుందన్నావు. చెట్టు లేదని తెలిశాక రాబుద్ధి కాదేమో, నాకు తెలియదు. నన్ను తిట్టడానికైనా రా. ఆ కిటికీ ఎవర్నీ తెరవనివ్వను, నేనూ తెరవను. నువ్వొచ్చాక ఇద్దరం కలిసి తీద్దాం. కనపడేది గోడే. దానికి అవతలే మన పిల్ల ఉంది.

ఇట్లు,
మైత్రి వాళ్ళ నాన్న,
ఉదయ్ కిరణ్