‘చెయ్యి’కి ముందున్న మాట

గొల్లపల్లి కేథరిన్ అను నేను, యెహోషువ భార్యను, వయసు యాభై ఒకటి, స్వస్థలం రాజోలు, ప్రస్తుత నివాసం కువైట్ ఫర్వానియా. వచ్చే ఆదివారం గుండె ఆపరేషన్‌కు వెళ్తున్నాను. మతి కుదురుగా ఉంది. ఎవరూ చెప్పి రాయించడం లేదు. ఈ వీలునామా అమలు బాధ్యత నా భర్తది.

1. రాజోలులో నా పేరిట ఉన్న ఇంటిస్థలం, నా బంగారం మా అమ్మాయి మెర్సీకి. చపాతీల పీట కూడా. వాడదని తెలుసు, అయినా దానికే.

2. ఇంటి సామానంతా నా భర్తకు. శుక్రవారం సెలవునాడు నేను మాటలు పోగేస్తూ కూర ఆలస్యం చేసినా ‘ఇయ్యాల ఏ ఊరి చెయ్యి దొరికిందే?’ అని మాత్రమే అడిగిన మనిషి.

3. వంటగది అలమరలో రెండు బిస్కెట్ డబ్బాల నిండా అట్టముక్కలున్నాయి. అన్నీ ‘చెయ్యి’ అనే ఒక్క మాట గురించే. తెలుగు, కన్నడం, తమిళం విడిపోకముందు దాన్ని ఏమనేవారో కనుక్కోవాలని నా కోరిక. అప్పటివాళ్ళు రాసిపెట్టలేదు కాబట్టి ఇప్పటి మాటలు పక్కపక్కన పెట్టి వెనక్కి ఊహించాలి.

మొదట్లో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు నా చెయ్యి చూపించి అడిగేదాన్ని. అందరూ అరబ్బీలో ‘ఈద్’ అనేవారు. ఇంటి యజమానురాలైన మామా ఏదైనా చూపించి అడిగితే అలా చెప్పడమే వాళ్ళకు అలవాటు. తర్వాత అడగడం మానేసి పిండి కలపమన్నాను. ముద్ద చేతికి అతుక్కున్నప్పుడు ఎవరి మాట వాళ్ళకొస్తుంది. మంగళూరు తుళు ఆవిడ, కన్నడావిడ, తమిళావిడ, మలయాళీ నర్సు అందరిదీ ‘కై’. మనదొక్కటే ‘చెయ్యి’. పైగా మనకు చేతికి, చేతిలో, చేతులు. ఆ ‘త’ ఎక్కడిదో ఇంకా తేలలేదు.

నా ఊహ ‘కెయ్’. కన్నడ ‘కివి’ మనకు ‘చెవి’. ఇ, ఎ ముందున్న క మన నోట చ అవుతుంది. ‘కన్ను’లో క తర్వాత ఉన్నది అ, అందుకే మారలేదు. ‘కై’లోనూ వినబడేది అ. అందుకే మొదటిది ‘కై’ అయితే మనకు ‘చెయ్యి’ రాదు. ‘కెయ్’ ఎవరూ విన్న మాట కాదు కనుక దాని ముందు నక్షత్రం గుర్తు పెట్టాను.

4. ఈ డబ్బాలు మా మరిది సైమన్‌కు ఇవ్వకూడదు. ‘చెయ్యే మొదటిది, మిగతావన్నీ దాన్నుంచే పుట్టాయి’ అని ఇక్కడి తెలుగు సంఘం సంచికలో అచ్చువేస్తానన్నాడు. ఎలా తెలుసంటే, ‘మనం గాకపోతే ఎవరంటారు వదినా?’ అన్నాడు. అతనికి నా నీలం సూట్‌కేసు. ఎప్పుడో అడిగి తీసుకెళ్ళాడు, ఇంకా అతని దగ్గరే ఉంది.

5. డబ్బాలు రాయచోటి సంజీవమ్మకు. ఇక్కడికి దగ్గర్లోనే దజీజ్‌లో మెస్సు నడుపుతుంది, బెంగుళూరులో కొన్నేళ్ళుంది. ‘నాలుగిండ్లల్లో కై అంటాంటే నీ కెయ్ యాడిది క్కా? ఆ కాలమోళ్ళతో గూడా పిండి కలిపిచ్చినావా?’ అంటుంది. ఆ నాలుగిళ్ళూ ఒకేలా మారి ఉండొచ్చు కదా అంటే నవ్వుతుంది. ఆమెదే నిజమని నేననుకోను. కానీ నాతో ఒప్పుకోని మనిషి దగ్గర ప్రశ్న బతుకుతుంది. సైమన్ దగ్గర అచ్చుతో ఖలాస్. షరతు ఒకటే: నా అట్టముక్కలు పారేయకుండా తన వాదన పక్కన చేర్చాలి.

6. నేను క్షేమంగా తిరిగొస్తే అయిదో అంశం చెల్లదు. కోయవాళ్ళ, గోండుల భాషలూ మన భాషకు చుట్టాలే, కానీ వాళ్ళు ఇక్కడ నాకు ఒక్కరూ దొరకలేదు. వాళ్ళలో ఒక్కరితోనైనా పిండి కలిపించకుండా పోవడం నాకిష్టం లేదు.

ఫర్వానియా, 20 ఫిబ్రవరి 2009
(సంతకం) గొల్లపల్లి కేథరిన్

సాక్షులు: ఎలీసమ్మ, నర్సు, వెంకటసత్యనారాయణ, పై అంతస్తు