హుంగే మనింటికి వస్తోంది

గొల్లపల్లి, బస్తరు సంస్థానం

చి.సౌ. కామేశ్వరికి ఆశీస్సులు. నా జ్వరం తగ్గింది, బెంగపడకు.

ఇళ్ళలోని ఆచారాల మీద మా యూనివర్సిటీ చేసే పరిశోధనకు ఈ ఊరు ఒప్పుకుంది. అయితే పంచాయితీలో ఊరిపెద్ద భార్య హుంగే లేచి, "మా ఇంట్ల కూసొని అన్నీ అడిగిన్రు. మేం మీ ఇంటికొచ్చి అడగొద్దా ఏంది?" అంది. ఎంత న్యాయమైన మాట! ప్రొఫెసరుగారు అక్కడికక్కడే సరేనన్నారు. ఇకపై ఆమె కూడా మాతోపాటు పరిశోధకురాలే.

కోతలయ్యాక మొగుడూ పెళ్ళాం మనింట్లోనే దిగుతారు. వీధిగది ఖాళీ చేయించు. మన పాప దగ్గు తగ్గిందా? అమ్మకు నమస్కారాలు.

ఇంట్లో అందరి తర్వాతే నువ్వు తింటావని నా నోట విని, ఎందుకని హుంగే అడిగింది. అది మన ఆనవాయితీ అన్నాను. వచ్చాక నిన్నే అడుగుతుందట. నా మొహం చూడకుండా జవాబు చెప్పు.

— సూర్యప్రకాశం