కర్ర దాటని కాళ్లు

1944, కార్తీకం, సోమవారం

బుగ్గోడా, కొడకా... పొద్దున మళ్లీ మరిచిపోయి నిన్ను లేపబోయాను. చుట్టిన నీ చాప గోడకు ఆనించే ఉంది.

జ్వరం నిన్ను తీసుకుపోయాక ఇంట్లో మాట తగ్గింది. నాకూ నీ చెల్లి లచ్చుకూ నువ్వు నేర్పిన అక్షరాలే మిగిలాయి. వాటితోనే నీతో మాట్లాడుతున్నా. వంకర పోతున్నాయి. పోనీ.

బుధవారం

లచ్చు ఏడుస్తూ వచ్చింది. మాసబ్ ట్యాంక్ బేగం ఇంట్లో కుట్టుపని ముగించి ఒక్కతే వస్తుంటే, పంజగుట్ట బండల దగ్గర ఎవడో సైకిల్ అడ్డం పెట్టాడట. చెయ్యి పట్టాడట. గాజులు పగిలి మణికట్టు గీరుకుంది. నువ్వు వెంట నడిచినన్నాళ్లూ దాని వైపు చూసినవాడు లేడు.

"పని మానెయ్యి బిడ్డా" అన్నాను.

"మానేస్తె ఏం తింటమవ్వా?"

మీ నాయన ఎప్పుడో పోయాడు. ఇప్పుడు నువ్వు. దాని కూలి మీదే పొయ్యి వెలగాలి.

శుక్రవారం

లచ్చు కుస్తీ నేర్చుకుంటుందట! నువ్వు కుస్తీ పట్టిన తాలీంకే పోతుందట. పక్కింటి సాయమ్మ బుగ్గలు నొక్కుకుంది — "ఆడిపిల్ల మట్టిల పొర్లుతదా? నడుముల బాకు వెట్టుకొమ్మను."

బాకు వద్దు... వాడు గుంజుకుంటే దాని మీదికే తిరుగుతుంది.

ఆదివారం

నీకు కుస్తీ నేర్పిన మస్తాన్ ఉస్తాద్ దగ్గరికి పోయాం. నన్ను చూడగానే ముసలాయన తల దించుకున్నాడు.

"కుస్తీ అంటె మనిషిని పట్టుకునుడు. ఈ పిల్ల పట్టుకునుడు కాదు, ఎవన్నీ దగ్గరికే రానియ్యొద్దు. కట్టె మంచిది" అన్నాడు.

కర్రసాము. సరే అన్నాం. కానీ ఎదురు నిలబడి కొట్టే జోడీ కావాలట. "నా పైల్వాన్లను ఆడపిల్ల ముంగట నిలవెట్ట. నువ్వే రా అమ్మా."

నేనా!

మంగళవారం

పైల్వాన్లు రాకముందే, తాలీం వెనక వాకిట్లో మొదలుపెట్టాం. చెవిదాకా వచ్చే వెదురు కర్రలు, నూనె తాగినవి. ముందు కాళ్లు కుదరాలని ఉస్తాద్ ఒక కర్రను నేల మీద పెట్టాడు. ముందుకు దాటు, వెనక్కి దాటు.

నేనూ లచ్చూ ఒక్కసారే ఆగాం. వంగి కర్రను కళ్లకద్దుకుని, దాని చుట్టూ తిరిగి అవతలికి పోయాం. మా సాలోళ్ల ఇళ్లలో మగ్గం కర్రంటే దేవుడే, దాటితే అమ్మ వీపు పగలగొట్టేది. ఆ కాళ్లు కదా ఇవి.

"ఏందమ్మా ఇది? గిట్ల చుట్టు తిరిగొచ్చేటాలకు దుష్మన్ చాయ్ తాగి కూసుంటడు!"

సంగతి చెప్పాను. నవ్వు ఆపేశాడు. కర్ర తీసి పక్కన పెట్టి, చెంబుతో నేల మీద నీళ్ల గీత పోశాడు. "నీళ్లు దాటొచ్చు గద?"

చాలా రోజులకు నవ్వాను. ఇంటికొచ్చాక, నవ్వినందుకు ఏడ్చాను.

శనివారం

భుజాలు లేవడం లేదు. కుండ దించడానికి కూడా లచ్చునే పిలిచాను.

మార్గశిరం, గురువారం

నేను నెత్తి మీదికి దెబ్బ వేయాలి. లచ్చు కర్ర అడ్డం పెట్టి ఆపాలి. నా కర్ర దాని పాపిట దాకా పోయి మెత్తబడిపోతోంది.

"అమ్మా, కొడుతున్నవా, పిల్లకు జడ ఏస్తున్నవా?" అన్నాడు ఉస్తాద్.

"గట్టిగ కొట్టవ్వా! వాడు జర మెల్లగ కొడతడా?"

ఎట్లా కొట్టను... ఉన్నది ఒక్కతి.

ఉస్తాద్ పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి — "నీ మెత్త దెబ్బకు అలవాటైతె బయట మోసపోతదమ్మా."

ఆదివారం

కొట్టాను. కళ్లు మూసుకోలేదు.

కర్రలు ఠప్పుమన్నాయి. నీ చెల్లి నా కర్రను పక్కకు నెట్టి, తన కర్ర కొస తెచ్చి నా గొంతు ముందు ఆపింది. లచ్చు ముఖంలో భయం లేదు. అచ్చం నువ్వే...

చెప్పుకుందామంటే ఎవరూ లేరు. తల్లీబిడ్డా కర్రలు పట్టామని సాయమ్మ పలకరించడం మానేసింది. నా బిడ్డ గెలిచిందని పొయ్యి ముందు కూర్చుని నాకు నేనే చెప్పుకున్నా.

పుష్యం, సోమవారం

ఇన్నాళ్లూ పొద్దున బేగం ఇంటి దాకా దింపి, సాయంత్రం వెంట తెచ్చుకుంటున్నా. ఈ రోజు గడపలోనే ఆపింది.

"నువ్వు రావద్దవ్వా. నువ్వొస్తె నేను నేర్చుకున్నదెందుకు?"

కర్ర పట్టుకుని పోయింది. మలుపు దాకా చూశాను. వెనక్కి తిరగలేదు. తిరగకూడదనే అనుకున్నా... తిరిగితే బాగుండుననీ అనుకున్నా.

పగలంతా జొన్నలు విసిరాను.

అదే రోజు, దీపాల వేళ

రోజూ ఈపాటికి ఇంట్లో ఉంటాం. బేగం పని ఎక్కువ చెప్పిందేమో. ఓపిక పట్టాలనుకున్నా. రెండుసార్లు మలుపు దాకా పోయి వచ్చా. పోతే, దాని మీద నమ్మకం లేనట్టు. పోకపోతే —

పోతున్నా. నా కర్ర తీసుకుని పంజగుట్ట వైపు.

లచ్చూ, నువ్వు ఖైరతాబాద్ మీదుగా చుట్టు తిరిగి నాకంటే ముందొస్తే... ఈ పేజీ పొయ్యి పక్కన తెరిచి పెడుతున్నా. జొన్నరొట్టెలు గిన్నె కింద ఉన్నాయి, పప్పు వెచ్చగానే ఉంది. నా కోసం ఆగకు. కడుపునిండా తిను బిడ్డా.